గంధం మన అడవిలో, నూనె తీసే విద్య జర్మనీలో

1914లో యూరప్‌లో యుద్ధం మొదలయ్యేసరికి మైసూరు సంస్థానానికి ఒక విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. ప్రపంచంలో దొరికే మంచి శ్రీగంధంలో పెద్ద వాటా ఈ సంస్థానం అడవులదే. 1792లో టిపూ సుల్తాన్ దీన్ని రాజవృక్షం అని ప్రకటించాడు. అప్పటి నుంచీ చెట్టు ఎవరి పొలంలో మొలిచినా అది సర్కారుదే. ఏటా చెక్కను వేలం వేసేవారు, ఖజానాకు మంచి రాబడి వచ్చేది. కొనేవాళ్ళలో ఎక్కువమంది యూరప్ వ్యాపారులు, అందులోనూ జర్మనీ వాళ్ళు ముఖ్యం. ఇక్కడి చెక్క ఓడెక్కి వెళ్ళి అక్కడ నూనె అయ్యేది. యుద్ధంతో ఆ దారి మూతపడింది. కొనే నాథుడు లేక చెక్క డిపోల్లోనే ఉండిపోయింది.

అప్పుడు అందరికీ కళ్ళ ముందు కనబడిన సంగతి ఒకటే. అడవి మనది, చెట్టు మనది, నరికి, చేవను వేరుచేసి, రకాలుగా విడదీసేవాళ్ళూ మనవాళ్ళే. కన్నౌజులో అత్తరు వాళ్ళు గంధపు నూనెను తరతరాలుగా తీస్తూనే ఉన్నారు. కానీ పెద్ద ఎత్తున ఆవిరి పట్టి, ప్రతి విడతా ఒకే నాణ్యతతో, ప్రపంచ మార్కెట్టు ఒప్పుకునేలా నూనె తీసే విద్య మైసూరు చేతిలో లేదు. చెక్కతో పాటు ఆ విద్య తాలూకు లాభాన్ని కూడా ఏటా ఓడెక్కించి పంపుతున్నామన్నమాట.

రెండేళ్ళు తిరిగేసరికి, 1916లో, బెంగళూరులో సర్కారు వారి గంధపు నూనె కార్ఖానా నడిచింది. ఆ తర్వాత మైసూరులో దానికంటే పెద్దది వచ్చింది. 1918 నాటికి మైసూర్ శాండల్ సబ్బు కూడా వచ్చేసింది. రెండేళ్ళలో ఇది ఎలా సాధ్యమైంది?

కన్నడ మీడియంలో చదువుకున్న మాకు ఈ కథ చిన్నప్పటి నుంచీ తెలుసు, అంటే సగమే తెలుసు. పరీక్షలో ‘హొందిసి బరెయిరి’ అని ఇచ్చేవారు. ఒక పక్క ఏళ్ళు, ఇంకో పక్క పేర్లు. 1913కి మైసూరు బ్యాంకు, 1916కి మైసూరు విశ్వవిద్యాలయం, 1918కి సబ్బు. గీతలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ గీతల వెనక ఎవరు ఎవరితో మాట్లాడారు, ఎవరికి తెలిసింది ఎవరి చేతికి ఎలా వెళ్ళింది అన్నది పాఠంలో లేదు. ఉద్యోగంలో చేరాక ‘నాలెడ్జ్ మేనేజ్‌మెంట్’, ‘లీడర్‌షిప్’, ‘ఇన్నోవేషన్’ అనే మాటలు రోజూ వినబడుతుంటే, వందేళ్ళ కింద మన ఊళ్ళోనే జరిగిన ఈ కథను ఇంకోసారి తిరగేయాలనిపించింది.

దివాన్ చూసింది ఏమిటి

అప్పటి దివాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు వైపు ఉన్న మోక్షగుండం గ్రామానిది. పూర్వీకులు అక్కడి నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగు, బయట కన్నడ, ఆఫీసులో ఇంగ్లీషు. మనలాంటి ఇళ్ళకి ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు.

ఆయన 1909లో మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వచ్చాడు. 1912 నవంబరు నుంచి 1918 చివరి దాకా దివాన్‌గా ఉన్నాడు. అంతకు ముందే, 1898లో జపాన్ వెళ్ళి చూసి వచ్చాడు. 1911లో మైసూరు ఎకనామిక్ కాన్ఫరెన్స్ మొదలైంది. వ్యవసాయం, విద్య, పరిశ్రమలూ వాణిజ్యం అని మూడు కమిటీలు పెట్టి, అధికారులనీ బయటివాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టారు. జిల్లాల్లో, తాలూకాల్లో కూడా కమిటీలు పెట్టారు. ఎక్కడ ఏమి పండుతోంది, ఏ పని ఎవరికి తెలుసు, ఏది బయట నుంచి వస్తోంది అన్న లెక్కలు కాగితం మీదకి రావాలన్నది ఆయన పట్టుదల.

ఈ రోజుల్లో కంపెనీలు లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొని చేసే పని ఇదే. మన దగ్గర ఏమి తెలుసో, ఏమి తెలియదో ముందు తెలుసుకోవడం. సాధారణంగా మనం తెలిసినవాటి జాబితా రాస్తాం. తెలియనిదాని జాబితా రాయాలంటే పైవాడు కోప్పడడన్న నమ్మకం ఉండాలి. నూనె తీసే విద్య మన దగ్గర లేదని సర్కారు ఒప్పుకుంది కాబట్టే దాన్ని వెతకడం మొదలైంది.

ఒకే మనిషి, రెండు చోట్లు

ఈ కథలో మాకు అన్నిటికంటే నచ్చిన పాత్ర ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. ఇంగ్లండు ఇంజనీరు, మద్రాసులో ఇంజనీరింగ్ ప్రొఫెసరు. 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో అల్యూమినియం పాత్రలు చేయడం మొదలుపెట్టించాడు. మన ఇళ్ళలో సిల్వర్ గిన్నె అని పిలిచే వస్తువుకు ఈ దేశంలో దారి వేసినవాళ్ళలో ఈయన ఒకడు. బావుల మీద ఇంజన్ పంపులు, క్రోమ్ పద్ధతిలో తోళ్ళు ఊనడం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేసి చూపించాడు. సర్కారు ముందు చేసి చూపిస్తే తర్వాత జనం అందుకుంటారన్నది ఆయన పద్ధతి.

మద్రాసులోని తెల్లవాళ్ళ వ్యాపార సంఘాలకు ఇది నచ్చలేదు. సర్కారు వ్యాపారంలో వేలు పెట్టడమేమిటని గొడవ చేశారు. లండన్‌లో భారత వ్యవహారాల మంత్రిగా ఉన్న మోర్లే 1910లో రాసిన ఉత్తరంతో ఆ ప్రయత్నానికి కళ్ళెం పడింది. పరిశ్రమల గురించి చెప్పండి, నేర్పండి, అంతేగాని మీరే నడపొద్దని దాని సారం.

1912లో చాటర్టన్ మైసూరు వచ్చి పరిశ్రమల శాఖ చూసుకున్నాడు. మనిషి మారలేదు, ఆయనకు తెలిసిందీ మారలేదు. మద్రాసులో పైనుంచి తలుపు మూశారు, మైసూరులో పైనుంచే తలుపు తీశారు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాన్ విశ్వేశ్వరయ్య ఇద్దరూ వెనక నిలబడ్డారు. నాయకత్వం వల్ల కొత్త పని ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకంటే తేట ఉదాహరణ మాకు కనబడలేదు. తెలిసినవాడు ఉంటే సరిపోదు. వాడు పొరపాటు చేసినా, ఎవరికో నచ్చకపోయినా, ఇంకో ఏడాది చూద్దాం అనేవాడు పైన ఉండాలి.

టాటా ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద

రెండో మంచి సంగతి, విద్య మరీ దూరంలో లేదు. ఇప్పటికీ బెంగళూరు పాతవాళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థ 1909లో ఏర్పడింది. దానికి 371 ఎకరాలు ఇచ్చింది మైసూరు సంస్థానమే. అక్కడ రసాయన శాస్త్రం చెప్పే సడ్‌బరో, వాట్సన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు గంధపు చెక్క మీద పని చేసి, ఇక్కడి చెక్కతో ఇక్కడే మేలైన నూనె తీయవచ్చని తేల్చారు. ప్రయోగశాలలో తేలింది కార్ఖానాకు వచ్చింది.

ఇది వినడానికి తేలికగా ఉంది, నిజానికి చాలాచోట్ల తెగిపోయేది ఇక్కడే. ప్రొఫెసరుకు గాజు పాత్రలో రావలసింది వస్తే చాలు. కార్ఖానావాడికి రోజూ రావాలి, అనుకున్న ఖర్చులో రావాలి, కొనేవాడు వెనక్కి పంపకుండా ఉండాలి. చెక్క ఎంత సన్నగా పొడి చేయాలి, ఆవిరి ఎన్ని గంటలు పట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి ఒకరి భాష నుంచి ఇంకొకరి భాషలోకి మారాలి. అడవి శాఖకు చెక్క తెలుసు, ప్రొఫెసర్లకు రసాయనం తెలుసు, చాటర్టన్‌కు యంత్రం తెలుసు, సర్కారు దగ్గర డబ్బు ఉంది. ఈ నలుగురినీ ఒక పని చుట్టూ చేర్చడమే ఆ రెండేళ్ళ రహస్యం. ఎవరూ అద్భుతమైన కొత్త సంగతి కనిపెట్టలేదు. ఇంకో దేశంలో మామూలుగా జరిగే పనిని ఇక్కడ జరిపించారు. ఈ ఊరికి అదే కొత్త.

సబ్బు దగ్గర ఇంకో మెట్టు ఎక్కారు. నూనె అమ్మితే వచ్చేది ఒక ధర, దాన్ని సబ్బు చేసి అమ్మితే వచ్చేది ఇంకో ధర. సోసలె గరళపురి శాస్త్రి అనే కుర్రవాడిని సబ్బు విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. ఆయన వచ్చి గంధపు నూనెతో సబ్బు చేశాడు. బెంగళూరులో ఇప్పటి కె.ఆర్. సర్కిల్ దగ్గర కార్ఖానా పెట్టారు. 1957లో అది రాజాజీనగరకు మారింది. ఏనుగు తల, సింహం ఒళ్ళు ఉన్న శరభం బొమ్మతో ఆ సబ్బు మన ఇళ్ళలోకి వచ్చింది. ఖాళీ డబ్బాను చీరెల మధ్య పెట్టే అలవాటు మా అవ్వ దగ్గర చూశాం, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది.

మనిషిని పంపారన్నదే ఇందులో అసలు సంగతి. యంత్రం కొంటే యంత్రం వస్తుంది. పుస్తకం తెస్తే సగం విద్య వస్తుంది. మిగిలిన సగం పనివాడి పక్కన నిలబడితేనే వస్తుంది, సబ్బు ఉడుకుతున్నప్పుడు ఏ వాసనకి, ఏ చిక్కదనానికి గరిటె ఆపాలో చూడాలి. జపాన్ పండితులు నొనాకా, టకెయుచి 1995లో కంపెనీల మీద రాసిన పేరుమోసిన పుస్తకంలో చెప్పింది ఇలాంటిదే. రొట్టె చేసే యంత్రం కుదరక మత్సుషిత కంపెనీ ఇంజనీరు ఒకావిడ ఒసాకాలో ఒక హోటలు రొట్టెల మేస్త్రీ దగ్గర శిష్యరికం చేసింది. పిండిని ఆయన ఎలా సాగదీసి మెలిపెడతాడో చూసి వచ్చి యంత్రంలో పెట్టింది. చేతిలో ఉన్న విద్య మాటలోకి, మాట నుంచి యంత్రంలోకి మారితేనే అది సంస్థ సొత్తు అవుతుందని వాళ్ళ వాదం. మైసూరు ఆ పుస్తకం రాకముందే దారి పట్టుకుంది.

భద్రావతి చెప్పే కథ

అన్నీ ఇంత సాఫీగా జరగలేదు. అదే కాలంలో తలపెట్టిన భద్రావతి ఇనుప కార్ఖానా చూడండి. ముడి ఖనిజం కెమ్మణ్ణుగుండి కొండల్లో ఉంది, దగ్గర్లో బొగ్గు గనులు లేవు, అడవి ఉంది. కట్టెను కాల్చి బొగ్గు చేసి, ఆ బొగ్గుతో ఇనుము కరిగించాలన్నది ఆలోచన. 1918లో పని మొదలై 1923లో కొలిమి వెలిగింది. ఈలోగా యుద్ధం అయిపోయి ఇనుము ధర పడిపోయింది. ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది. నష్టాలు మొదలయ్యాయి.

దివాన్ పదవి వదిలేసిన విశ్వేశ్వరయ్యను 1923లో పిలిచి కార్ఖానా బోర్డుకు అధ్యక్షుణ్ణి చేశారు. ఆయన చేసిన పనుల్లో ఈ వ్యాసానికి కావలసింది ఒకటి. విదేశాల నుంచి తెచ్చుకున్న నిపుణుల పక్కన మనవాళ్ళను పెట్టి పని నేర్పించి, మెల్లమెల్లగా వాళ్ళ చోట్లలో వీళ్ళను నిలబెట్టాడు. విద్యను జీతానికి తెచ్చుకుంటే జీతంతో పాటే పోతుంది. మనవాడు నేర్చుకుంటే ఊళ్ళో ఉంటుంది. 1936లో అక్కడే ఉక్కు తయారీ, ఆ తర్వాత సిమెంటు కూడా మొదలయ్యాయి.

మా సాఫ్ట్‌వేర్ పనిలో దీనికి ‘కేటీ’ అని పేరు. ఒకడు ఉద్యోగం మానేస్తుంటే చివరి పదిహేను రోజుల్లో ఇంకొకడికి అంతా చెప్పి పోవాలి. మేము టెస్టింగులో ఉన్న ఇన్నేళ్ళలో చూసింది ఏమిటంటే, ఆ పదిహేను రోజుల్లో మారేది పాస్‌వర్డులూ ఫోల్డర్లూ మాత్రమే. ఫలానా బటన్ నెలాఖరులోనే ఎందుకు మొరాయిస్తుంది, ఫలానా కస్టమరు తేదీని ఎలా రాస్తాడు అన్నవి వెళ్ళేవాడి తలలోనే వెళ్ళిపోతాయి. తర్వాత మూడు నెలలు కొత్తవాడు పాత తప్పులనే మళ్ళీ కొత్తగా కనుక్కుంటాడు. భద్రావతిలో ఆ పనిని ఏళ్ళ తరబడి చేశారు. పక్కన పనిచేస్తూ నేర్చుకోవడానికి పట్టే కాలం అది.

అయితే ఒక మాట కూడా ఒప్పుకోవాలి. మంచి నాయకుడు, నేర్చుకున్న పనివాళ్ళు ఉన్నంత మాత్రాన మార్కెట్టు ధర మన మాట వినదు. భద్రావతి కార్ఖానా 1998లో సెయిల్‌లో కలిసింది. 2023 జనవరిలో దాన్ని మూసేయాలని సెయిల్ నిర్ణయించింది, కార్మికులు రోడ్డెక్కారు. విద్య సంస్థను నిలబెట్టే కారణాల్లో ఒకటి, ఒక్కటే కాదు.

ఎవరిని అడగలేదు

ఇక్కడి దాకా చదివితే ఇది గొప్పవాళ్ళ కథలా ఉంటుంది. మిగిలిన సగం కూడా చెప్పాలి.

విశ్వేశ్వరయ్య దివాన్‌గిరీ వదలడానికి కారణం మనకు తెలిసిందే. సర్కారు ఉద్యోగాలు దాదాపు ఒకే వర్గం చేతిలో ఉన్నాయని మిగిలిన వర్గాలవాళ్ళు మహారాజుకు మొర పెట్టుకున్నారు. 1918లో మిల్లర్ కమిటీ వేశారు. ఉద్యోగాలు అలా పంచితే సమర్థత దెబ్బతింటుందని దివాన్ భావించాడు, తప్పుకున్నాడు. ఆయన చిత్తశుద్ధిని మేము శంకించం. కానీ కంపెనీల లెక్కలో చూసినా ఇందులో ఒక లోటు ఉంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరూ ఒకే రకం ఇళ్ళ నుంచి వస్తే, వాళ్ళకు తెలియని సంగతి ఏదో చెప్పేవాడు ఆ గదిలో ఉండడు.

గంధం విషయంలో ఆ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. శ్రీగంధం తనంతట తాను పెరిగే చెట్టు కాదు. వేళ్ళతో పక్క చెట్ల వేళ్ళను పట్టుకుని వాటి తిండిలో వాటా తీసుకుంటుంది. చేవ పట్టడానికి ఇరవై ముప్పై ఏళ్ళు కావాలి. పక్కన ఏ చెట్టు ఉంటే బాగా పెరుగుతుంది, ఏ నేలలో వాసన ఎక్కువ అన్నవి పొలం గట్టున రోజూ చూసే రైతుకు తెలియాలి. కానీ చెట్టు రైతుది కాదు. మొలిస్తే కాపలా కాయాలి, పోతే సర్కారుకు జవాబు చెప్పాలి, అమ్ముకునే హక్కు లేదు. అలాంటప్పుడు గట్టు మీద గంధపు మొక్క కనబడితే రైతు ఏమి చేస్తాడు? ఎవరూ చూడకుండా పీకి పారేస్తాడు.

స్పైక్ తెగులు వచ్చి చెట్లు ఎండిపోతుంటే విజ్ఞాన సంస్థలో దాని మీద పరిశోధన జరిగింది. 1938లో బెంగళూరులో అటవీ పరిశోధనాలయం కూడా వచ్చింది. ప్రయోగశాలకీ కార్ఖానాకీ మధ్య వంతెన వేసినవాళ్ళు, ప్రయోగశాలకీ పొలానికీ మధ్య వేయలేదు. నూనె తీసే విద్య ఉంది, సబ్బు చేసే విద్య ఉంది, చెట్టు పెంచే మనిషికి మాత్రం అందులో వాటా లేదు. దొంగ నరుకుడు పెరిగింది, అడవి పలచబడింది. భూమి ఉన్నవాడిదే గంధపు చెట్టు అని కర్ణాటక చట్టం మార్చింది 2001లో. అప్పటికే ఆస్ట్రేలియా వాళ్ళు మన జాతి గంధాన్నే తమ ఉత్తరాన కనునుర్రా ప్రాంతంలో పెద్ద తోటలుగా వేసేశారు. ఇప్పుడు మైసూరు సబ్బు కంపెనీ చెక్క కోసం కేరళలోని మరయూరు వేలానికి వెళ్ళి కొంటోంది. 1914లో వేలం మనది, కొనుగోలుదారు పరాయివాడు. ఇప్పుడు వేలం పరాయిది.

కాబట్టి మాకు అర్థమైంది ఇది. తెలివి ఎక్కడుందో నాయకుడు గుర్తించాలి, అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేందుకు కాలమూ డబ్బూ ఇవ్వాలి, మైసూరు ఈ రెండూ చేసి రెండేళ్ళలో కార్ఖానా లేపింది. మూడోది, పని అడుగున ఉన్నవాడికి అందులో హక్కు ఉండాలి. ఆ మూడోది తొంభై ఏళ్ళు ఆలస్యమైంది.

మన ఇళ్ళ లెక్క

ఈ పేజీలు చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళు ఒకప్పుడు చిన్న సంస్థల్లాంటివే. మా చిక్కబళ్ళాపురం వైపు, శిడ్లఘట్ట చుట్టుపక్కల, గూళ్ళ నుంచి పట్టు దారం తీసే తెలుగు ఇళ్ళు ఎన్నో. మా తాతల తరంలో నీళ్ళలో వేలు పెట్టి గూళ్ళు ఉడికే వేడి సరిపోయిందో లేదో చెప్పేవాళ్ళు. గూటిని చెవి దగ్గర ఆడించి లోపల పురుగు ఏ దశలో ఉందో చెప్పేవాళ్ళు. వాళ్ళు ఎవరికీ నేర్పలేదని అనడం అన్యాయం. పిల్లలు బాగా చదువుకుని ఈ కష్టం నుంచి బయటపడాలని కావాలనే నేర్పలేదు. వాళ్ళు కోరుకున్నట్టే మేము బయటపడ్డాం. ఆ విద్య మాత్రం మా ఇంట్లో ఆగిపోయింది, దానితో పాటు ఆ పని తాలూకు తెలుగు మాటలు కూడా పోయాయి. మేము ఇప్పుడు ఆ పనిముట్లకు కన్నడ పేర్లే చెప్పగలం.

హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో ఉన్న మీ ఇళ్ళలోనూ మగ్గమో, కంచుపనో, మామిడి తోటో, వంట పనో ఉండే ఉంటుంది. చేసిన మనిషి ఇంకా ఉంటే ఈ దసరా సెలవుల్లో ఒక పూట పక్కన కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేస్తే చాలదు, ఆ పని మీరు చేస్తుంటే వాళ్ళు తప్పులు దిద్దాలి. ఏ పనిముట్టును ఏమంటారో రాసుకోండి. రాసింది మాకు పంపితే ఇక్కడ పెడతాం, పంపినవారి ఇంటి పేరుతోనే.